మందగించిన ఇంటి కంప్యూటరు

ఏడెనిమిది సంవత్సరాల క్రిందట పిల్లల చదువు కొరకని ముచ్చటపడి కొన్న కంప్యూటరు నేడు ఎన్నో గృహాలలో ఒక మూల ముసుగు కప్పుకొని కూర్చున్నది. మీట నొక్కి, కాఫీ కలుపుకొని, త్రాగి, గ్లాసు కడిగి వచ్చినా అది ఇంకా సిద్ధమై ఉండదు. ఉత్తరం వ్రాయబోతే అక్షరాలు వేళ్లకు చాలా వెనుకగా నడచి వస్తాయి. “దీని పని ఐపోయినది, క్రొత్తది కొనవలసినదే” అని ఇంటిల్లిపాదీ తీర్మానిస్తారు. దుకాణదారు ఆ తీర్మానాన్ని బలపరచకుండా ఉండడం అరుదు. పింఛను మీద గడిచే ఇంటికి అది నెలల తరబడి కూడబెట్టిన సొమ్ము. ఆ సొమ్ము బయటికి తీయక ముందు తెలిసికొనదగిన సంగతులు కొన్ని ఉన్నవి.

మొట్టమొదటిది, కంప్యూటరుకు మనవలె వార్ధక్యం రాదు. లెక్కలు చేసే భాగమైన ప్రాసెసర్ కొన్ననాడు సెకండుకు మూడువందల కోట్ల స్పందనలతో పనిచేసి ఉంటే, వేడెక్కకుండా చూచుకొన్నంత కాలం నేడూ అంతే వేగంతో పనిచేస్తుంది. మారినది దానిపై మనం మోపే బరువు. నాటికంటె నేటి ప్రోగ్రాములు పెద్దవి, వెబ్‌పేజీలు పెద్దవి. ఐనా మందగించిన యంత్రాలలో చాలా భాగం ఆలోచనలో వెనుకబడినవి కావు. అవి దేనికొరకో ఎదురుచూస్తూ కూర్చున్నవి. దేనికొరకు అన్నది కనుగొంటే చికిత్స సగం ఐనట్టే.

పూర్వపు తాలూకా కచేరీని ఒకదానిని ఊహించండి. గుమాస్తా మహా చురుకైనవాడు. బల్ల మీద ఉన్న కాగితాన్ని రెప్పపాటులో పరిష్కరిస్తాడు. కాని బల్ల మీద లేని కాగితం రికార్డుగదిలో ఉన్నది. బంట్రోతు వెళ్లి, వెదకి, దుమ్ము దులిపి తేవాలి. అంతవరకు గుమాస్తా కలం చెవిలో పెట్టుకొని కూర్చోవలసినదే. గుమాస్తా ప్రాసెసర్ ఐతే, బల్ల మెమరీ, అనగా ర్యామ్. రికార్డుగది డిస్క్. ఇప్పుడు ప్రాసెసర్ ఒక్క స్పందనకు ఒక సెకండు పడుతుందని అనుకొందాము. ఆ లెక్కన మెమరీ నుంచి కాగితం రావడానికి సుమారు అయిదు నిమిషాలు. తిరిగే పళ్లెములు గల హార్డ్ డిస్క్ నుంచి రావడానికి దాదాపు ఒక సంవత్సరం! అటువంటి గుమాస్తాను మందబుద్ధి అని నిందించడం న్యాయమా?

హార్డ్ డిస్క్ ఎందుకింత ఆలస్యం చేస్తుందంటే, అందులో నిజంగా కదిలే భాగాలు ఉన్నవి. నిమిషానికి 5400 సార్లు తిరిగే పళ్లెం ఒక చుట్టు తిరగడానికి సెకండులో నూరవ వంతుకు కొంచెం పైగా పడుతుంది. కావలసిన చోటు మీదికి చదివే చేయి జరగాలి, పళ్లెం ఆ చోటును చేయి క్రిందికి తేవాలి. ఈ పద్ధతి ఇంచుమించు గ్రామఫోను వంటిదే. 1956లో ఐ.బి.ఎం. సంస్థ వెలువరించిన మొదటి డిస్క్‌లో 24 అంగుళాల వ్యాసం గల పళ్లెములు 50 ఉండేవి. అది అరగదిలో పట్టేంత యంత్రమై యాభై లక్షల అక్షరాలను దాచేది. నేటి రెండు టెరాబైట్ల డిస్క్ అరచేతిలో ఇమిడి, దానికి నాలుగు లక్షల రెట్లు దాస్తుంది. కాని ఒక అక్షరాన్ని వెదకి తేవడానికి అది ఆనాడు 600 మిల్లీసెకండ్లు తీసికొంటే, ఇది ఈనాడు పది వరకు తీసికొంటుంది. దాచడం లక్షల రెట్లు పెరిగింది, తేవడం అరవై రెట్లే. లోహపు చేతిని తొందరపెట్టడానికి ఒక హద్దున్నది మరి.

ఎస్.ఎస్.డి. అనే రకం డిస్క్‌లో కదిలేది ఏదీ లేదు. అందులో సమాచారం ఫ్లాష్ చిప్పులలో విద్యుదావేశ రూపంలో నిలుస్తుంది. మన గుమాస్తా లెక్కలో సంవత్సరం ఎదురుచూపు మూడున్నర దినాలకు దిగుతుంది. పాత యంత్రానికి చేయదగిన చికిత్సలలో ఇంత గుణమిచ్చేది మరొకటి లేదని నా అభిప్రాయం. రెండున్నర అంగుళాల ఎస్.ఎస్.డి. చాలా పాత ల్యాప్‌టాపులలో హార్డ్ డిస్క్ ఉన్న చోటనే అమరుతుంది. క్రొత్త కంప్యూటరు ధరలో అది చిన్న భాగమే.

ఐతే మీ యంత్రం నిజంగా డిస్క్ కొరకే ఎదురుచూస్తున్నదా? ఇది ఊహించనక్కరలేదు, చూడవచ్చు. విండోస్ కంప్యూటరులో కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ అనే మూడు మీటలను ఒక్కసారి నొక్కితే టాస్క్ మేనేజర్ అనే పట్టిక తెరుచుకొంటుంది. యంత్రం మందగించి ఉన్న సమయంలోనే దీనిని చూడాలి. డిస్క్ అన్న శీర్షిక క్రింద నూరు శాతమో దానికి సమీపమో చాలాసేపు నిలిచి, ప్రాసెసర్ క్రింద పదీ ఇరవయ్యీ మాత్రమే ఉంటే, దోషం రికార్డుగదిది. పర్ఫార్మెన్స్ అన్న భాగంలో ఆ డిస్క్ ఏ రకమో కూడా సాధారణంగా వ్రాసి ఉంటుంది. అది ఇదివరకే ఎస్.ఎస్.డి. ఐతే మార్చినందువల్ల ప్రయోజనం స్వల్పం.

మెమరీ క్రింద ఎనభై, తొంభై శాతం నిలిచి ఉంటే బల్ల చిన్నదని అర్థం. బల్ల నిండినప్పుడు కొన్ని కాగితాలను రికార్డుగదికి పంపి, కావలసినప్పుడు మరల తెప్పించుకొనే ఉపాయం ఒకటున్నది. 1962లో మాంచెస్టరు విశ్వవిద్యాలయంలో ప్రారంభమైన అట్లాస్ అనే కంప్యూటరు నాటి నుంచి ఇది వాడుకలో ఉన్నది. ఉపాయం గొప్పదే కాని, అది మితిమీరితే బంట్రోతు కాళ్లు విరుగుతవి. నాలుగు గిగాబైట్ల మెమరీని ఎనిమిదికి పెంచడం అటువంటప్పుడు మంచిది. కొన్ని ల్యాప్‌టాపులలో మెమరీ పలకకే అతికి ఉంటుంది, పెంచడానికి వీలుండదు. తక్కిన వాటిలో డి.డి.ఆర్.3, డి.డి.ఆర్.4 అన్న రకం సరిచూచుకొని కొనాలి. ఒకటి రెండవదాని చోట అమరదు.

ఖర్చు లేని చికిత్సలను ముందు చేసి చూడడం మరచిపోవద్దు. టాస్క్ మేనేజరులోనే స్టార్టప్ అన్న భాగమున్నది. కంప్యూటరు మేల్కొనగానే పిలువని పేరంటానికి వచ్చే ప్రోగ్రాముల జాబితా అది. ఎరిగినవాటిలో అక్కరలేని వాటిని ఆపవచ్చు. బ్రౌజరులో నలభై పేజీలు తెరిచి ఉంచడం పిల్లలకు అలవాటు, వాటిని మూయించండి. డిస్క్‌లో కొంత భాగం ఎప్పుడూ ఖాళీగా ఉండాలి.

మన ప్రాంతపు ఎండలను గురించి ఒక మాట. ప్రాసెసర్ మితిమీరి వేడెక్కితే తనను తాను కాపాడుకొనడానికి వేగాన్ని తగ్గించుకొంటుంది. ఉదయం చురుకుగా ఉండి మధ్యాహ్నం మందగించే యంత్రంలో ముందు చూడవలసినది గాలిదారి. ల్యాప్‌టాపును పరుపు మీదగాని దిండు మీదగాని పెట్టి వాడితే క్రింది రంధ్రాలు మూసికొనిపోతాయి. ఏండ్ల దుమ్మును తెలిసినవారిచేత తీయించాలి.

“మీ కంప్యూటరు ప్రమాదంలో ఉన్నది, ఈ నంబరుకు ఫోను చేయండి” అని తెర మీద ప్రత్యక్షమయ్యే ప్రకటనలు మాత్రం వైద్యం కాదు, వల. అట్టి నంబరుకు ఫోను చేసి, అవతలివారు చెప్పిన ప్రోగ్రామును ఎక్కించితే మన యంత్రం వారి చేతిలోనిది అవుతుంది, బ్యాంకు ఖాతాతో సహా. ఇప్పటికే సొమ్ము పోయి ఉంటే 1930 అనే జాతీయ సహాయవాణికి వెంటనే తెలుపాలి.

మరొక సంగతి వేగానికి కాదు, క్షేమానికి సంబంధించినది. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసినది. దానికి తరువాతిదైన విండోస్ 11, టి.పి.ఎం. 2.0 అనే రక్షణ ఏర్పాటు లేని యంత్రాలను అంగీకరించదు. అందువల్ల ఎస్.ఎస్.డి. కొనక ముందే మీ యంత్రం దానికి తగునో కాదో విచారించండి. తగనిచో లినక్సు ఉన్నది. అది ఉచితం, పాత యంత్రాల మీద తేలికగా నడిచే రకాలు దానిలో ఉన్నవి. హైదరాబాదులోని స్వేచ్ఛ సంస్థ వంటివారి కృషివల్ల దానిని తెలుగులోనూ వాడుకొనవచ్చు. కొన్ని పరిచిత ప్రోగ్రాములు దానిలో దొరకవు. ఉత్తరాలకు, వార్తలకు, పిల్లల పాఠాలకు లోటుండదు.

ఒక విశ్రాంత ఉపాధ్యాయులు వేగం కొరకని యంత్రాన్ని దుకాణానికి ఇచ్చారు. వారు అడగకుండానే డిస్క్‌ను తుడిచివేసి తిరిగి ఇచ్చారు. యంత్రం చక్కగా నడుస్తున్నది. అందులోని కుమార్తె పెండ్లి ఫొటోలు మాత్రం లేవు. కాబట్టి ఏ చికిత్సకైనా పంపక ముందు ఫొటోలను, కాగితాలను వేరొక చోటికి నకలు చేసికొని, ఆ నకలు తెరుచుకొంటున్నదో లేదో చూడండి. డిస్క్ మార్పించినప్పుడు పాతదానిని దుకాణంలో విడిచిపెట్టక అడిగి తీసికొనండి. స్వల్ప ధరకు దొరికే పెట్టెలో దానిని అమర్చితే యు.ఎస్.బి. తీగతో కలుపుకొని అదనపు నకలు దాచుకొనడానికి వాడుకొనవచ్చు.