స్థూలకాయము – సంతానము



మా వీధిలో నొక కోడలికి వివాహమై నాలుగేండ్లయినను కడుపు పండలేదు. అత్తగారు మ్రొక్కని వేల్పు లేదు. కట్టింపని తాయెత్తు లేదు. కోడలు కొంచెము స్థూలకాయ. కావున దోషమంతయు నామెదే యనిరి. భర్త యామెకంటెను లావరి. అతనిని పరీక్షింపవలెనని యెవ్వరికిని తోచలేదు.

చరకసంహితలో సూత్రస్థానమున 21వ యధ్యాయము అతిస్థూలతవలన గలుగు నెనిమిది దోషములను చెప్పును. దాంపత్యమునకు గలుగు కష్టము వానిలో నొకటి. ఆ మాట స్త్రీలకే చెప్పినది కాదు.

నేటి వైద్యులును అట్లే చెప్పుచున్నారు. కొవ్వు మితిమీరిన స్త్రీకి ఇన్సులిన్ సరిగా పనిచేయక రక్తమున నధికమగును. అందుచే అండాశయమున పురుష హార్మోనులు హెచ్చి, అండము వేళకు వెలువడదు. ముట్టు క్రమము తప్పును. పురుషునియందో, ఆ కొవ్వే పురుష హార్మోనును కొంత స్త్రీ హార్మోనుగా మార్చును. వృషణములకు వేడి హెచ్చును. వీర్యకణముల సంఖ్యయు చలనమును తగ్గవచ్చును. లావైనవారందరు సంతానహీనులు కారు. సన్ననివారందరు సంతానవంతులును కారు. అతిగా చిక్కినను ముట్టు నిలిచిపోవును.

కిలోగ్రాముల బరువును మీటర్ల యెత్తుచే రెండుమారులు భాగింపుడు. మన దేశీయులకు 23 దాటిన నధిక బరువు, 25 మొదలు స్థూలత. 1.55 మీటర్ల యెత్తు గల స్త్రీ 60 కిలోలు తూగినచో నించుమించు 25 వచ్చును.

భయపడ బనిలేదు. బరువులో నూటికి 5 మొదలు 10 పాళ్లు తగ్గిన చాలు, పెక్కుమంది స్త్రీలకు అండము మరల వెలువడును. 80 కిలోలవారికి అది 4 మొదలు 8 కిలోలే. కటికయుపవాసములు వలదు, అన్నము తగ్గించి కూరలు, పప్పు హెచ్చించి, నిత్యము నడువవలెను. వీర్యకణము తయారగుటకు రెండున్నర నెలలు పట్టును గాన పురుషులును మూడు నెలలైన నోపిక పట్టవలెను. ఏడాది గడచినను గర్భము నిలువనిచో, 35 ఏండ్లు దాటినవారైన ఆరు నెలలకే, దంపతులిరువురును వైద్యుని చూడవలెను.

మావారు ఆ యువకునితో మెల్లగా మాటాడి పరీక్షకు పంపిరి. లోపము అతనియందును గలదని తేలినది. ఇప్పుడు వేకువనే యిరువురును చెరువుగట్టున నడచుచున్నారు. ఫలము దైవాధీనము. కాని మొన్న అత్తగారు, “ఇద్దరికిని జొన్నరొట్టెలు నేనే చేయుచున్నానమ్మా” యని మాతో చెప్పినది. నాలుగేండ్లుగా ఆ కోడలు ఒంటరిగా మోసిన నింద ఆనాటితో దిగినది.