ర్యాఫ్ట్ సంగతి ఒడ్డు మీదే తేలాలి

శివపురిలో గంగ ఒడ్డుకు దిగిన తెలుగు కుర్రాళ్లు, ర్యాఫ్టింగ్ గైడునైన నా తెలుగు మాట వినగానే చనువుగా అడిగేది ఒకటే: "అన్నా, బోల్తా పడుతుందా?" నేను వాళ్లను ర్యాఫ్ట్ దగ్గరికి తీసుకెళ్లి, ట్యూబును అరచేత్తో గట్టిగా నొక్కి చూడమంటాను. ర్యాపిడ్‌లో, అంటే నది ఉధృతంగా పారే చోట, పడవ గైడు మాట వింటుందా, నీళ్ల మాట వింటుందా అన్నది చాలావరకు ఇసుక మీదే తేలిపోతుంది. తెడ్డు వేసే నేర్పు ఆ తర్వాతే.

మొదట గాలి. 14 అడుగుల ర్యాఫ్ట్ చుట్టూ ఉండే ట్యూబు ఒక్కటిగానే కనిపిస్తుంది గానీ, లోపల సాధారణంగా నాలుగు గదులుంటాయి. ఒక గదిని పూర్తిగా బిగించి తర్వాతిది మొదలుపెడితే మధ్యనున్న అడ్డుతెర ఖాళీ గదిలోకి పొంగి అతుకుల మీద ఒత్తిడి పడుతుంది. అందుకే చుట్టూ తిరుగుతూ అన్నిటికీ కొంచెం కొంచెంగా ఎక్కిస్తాం. చివరికి 2.5 పీఎస్‌ఐ దగ్గర ఆపుతాం. కారు టైరులో 30 దాటి ఉంటుంది కాబట్టి ఇది తక్కువే అనిపిస్తుంది, కానీ ఇంత పెద్ద ట్యూబు గట్టిపడడానికి ఇది చాలు.

మే నెల ఎండలో ఒడ్డున ఉంచిన పడవలో గాలి వేడెక్కి ట్యూబు బిర్రబిగుస్తుంది. కాస్త గాలి వదలకపోతే అతుకులకు ముప్పు. అదే పడవ మంచు కరిగి వచ్చిన గంగలో దిగగానే మెత్తబడుతుంది. కాబట్టి నీళ్లలో పెట్టాక ఇంకోసారి పంపు కొట్టాలి. ఈ రెండో పంపును బద్ధకించే వాళ్లను చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది. మెత్తని పడవ పెద్ద అలకు ఎదురెళ్తే నడిమికి మడత పడుతుంది. మడత పడితే వేగం చస్తుంది, వేగం లేని పడవను సమయానికి తిప్పలేం.

తర్వాత బరువు. రోలర్ కోస్టర్, గోల్ఫ్ కోర్స్ లాంటి ర్యాపిడ్‌లలో అలలు ఎదురుగా లేస్తాయి. ముందు భాగం తేలికగా ఉంటే అల దాన్ని ఎత్తి వెనక్కి విసిరేస్తుంది. బలమైనవాళ్లను, లయ తప్పకుండా తెడ్డు వేసేవాళ్లను ముందు కూర్చోబెడతాను. వెనకున్నవాళ్లు వాళ్లను చూసే వేస్తారు. కుడి ఎడమల బరువు తక్కెడ తూచినట్టు సరిచూస్తాను. ఆ విషయంలో స్నేహితులు పక్కపక్కనే కూర్చుంటామంటే ఒప్పుకోను.

కాళ్ల గురించి ఎవరూ అడగరు, నేను మాత్రం ఎక్కువసేపు చెప్పేది వాటి గురించే. కూర్చునేది బయటి ట్యూబు మీద. ఒక పాదం ముందున్న అడ్డ ట్యూబు కింద, రెండోది వెనకదాని కింద దూరాలి. ఆ పట్టు ఉంటేనే నడుం వంచి, తెడ్డు పూర్తిగా ముంచి లాగగలరు. అయితే చీలమండ దాకా ఇరికించకూడదు. పడవ బోల్తా పడితే పాదం దానంతటదే జారి రావాలి. ఒక్కొక్కరి చేత పాదం పెట్టించి, లాగించి చూస్తాను. బయటి తాడు కూడా అంతే, చేతికి అందాలి గానీ వేలాడకూడదు. వదులు తాడు కాళ్లకు చుట్టుకుంటుంది.

సామాను మోసే ర్యాఫ్టుల అమరిక వేరు. వాటి మధ్యలో లోహపు చట్రం బిగించి, ఒక్కరే రెండు పొడవాటి తెడ్లతో నడుపుతారు. తెడ్డు పొడవులో సుమారు మూడో వంతు చట్రానికి లోపలివైపు ఉండాలి. పిడులు ఒకదానికొకటి తగలకూడదు. సామాను వీలైనంత కిందికి, మధ్యకు చేర్చి పట్టీలతో బిగించాలి. నడిపేవాడు ప్రవాహం వైపే చూస్తాడు. 1890లలో అమెరికాలో గ్రీన్, కొలరాడో నదుల మీద నథానియల్ గాలోవే ఈ పద్ధతిని రూపుదిద్దాడు. అంతకుముందు 1869లో అవే నదుల మీద వెళ్లిన అన్వేషకుడు పావెల్ బృందం వీపును ప్రవాహం వైపు పెట్టుకుని తెడ్లు వేసింది. గాలోవే ప్రమాదాన్ని కళ్లారా చూస్తూ, ఎదురు లాగి పడవ వేగం తగ్గించి, పక్కకు జరిపాడు. తెడ్లు లాగడంలో మనిషికి ఎక్కువ బలం ఉంటుంది కాబట్టి చట్రంలో కూర్చునే ఎత్తు కూడా ఆ లాగుడుకు అనువుగానే అమర్చుకోవాలి.

మనుషులెక్కే ర్యాఫ్టులో గాలి, బరువు, కాళ్లు అన్నీ సరిచూశాక కూడా నేరుగా ర్యాపిడ్‌లోకి పోను. నిదానమైన నీళ్లలో "ఫార్వర్డ్", "లెఫ్ట్ బ్యాక్", "రైట్ బ్యాక్" అంటూ పడవను రెండు వైపులా గుండ్రంగా తిప్పిస్తాను. ఒక వైపు చురుగ్గా, ఇంకో వైపు మందకొడిగా తిరిగితే, అక్కడే ఇద్దరి చోట్లు మార్చి మళ్లీ తిప్పిస్తాను.