కారే ట్యాంకుకు వెల్డింగే మందా?

పాత టెంపో ట్రావెలర్‌లోనో మారుతీ ఓమ్నీలోనో వెనక సీట్లు తీసేసి పరుపు, గ్యాసు పొయ్యి అమర్చుకుంటే ఊళ్లు తిరగడానికి చిన్న ఇల్లు సిద్ధమైనట్టే. బాగేపల్లి నుంచి 44వ నంబరు జాతీయ రహదారి పట్టుకుంటే లేపాక్షి దగ్గరే. చింతామణి నుంచి మదనపల్లె దాటితే హార్స్‌లీ కొండలు. ఇలాంటి బండి ఇంధన ట్యాంకు కింద ఓ రోజు పెట్రోలో డీజిలో కారిన మరక కనబడుతుంది. వెంటనే తోచే ఉపాయం ఒకటే: ట్యాంకు ఖాళీ చేసి, దింపి, వెల్డింగు షాపుకు పంపడం. ఈ వరుసే సరైంది కాదు. ఎక్కడ కారుతోందో, ఎందుకు కారుతోందో తేలాకే మరమ్మతు ఏమిటో తేలుతుంది. అప్పుడు చూస్తే వెల్డింగు అవసరమయ్యే సందర్భాలు తక్కువ.

చుక్క రాలిన చోటే చిల్లు ఉండాలని లేదు. కారిన ఇంధనం ట్యాంకు అంచు వెంబడి పాకి, అన్నిటికన్నా పల్లంగా ఉన్న చోట రాలుతుంది. అందుకే ముందు ట్యాంకు బయటి మట్టి తుడిచి, ఆరనిచ్చి, సుద్దపొడి అద్ది చూడాలి. తడి ఎక్కడ మొదలైందో అదే చెబుతుంది. కారడం ఏ మట్టం దగ్గర ఆగిందో చూడటం ఇంకో ఆధారం. ఫుల్ ట్యాంకు కొట్టించినప్పుడో నంది కొండ రోడ్డు ఎక్కుతున్నప్పుడో మాత్రమే కారితే అనుమానించాల్సింది పైభాగాన్ని: నూనె పోసే గొట్టానికి తగిలించిన రబ్బరు పైపు, నూనె మట్టం చూపే ఫ్లోట్ కింది ప్యాకింగు. సగానికి దిగగానే ఆగిపోతే చిల్లు నడిమి ఎత్తులో ఉంది. అడుగంటే దాకా కారుతూనే ఉంటే డ్రెయిన్ బోల్టు వాషరునో, కింది అతుకునో చూడాలి. వీటిలో పైపు, క్లిప్పు, ప్యాకింగు, వాషరు మార్చడం చిన్న ఖర్చుతో పోయే పని.

రేకే చిల్లు పడితే సంగతి వేరు. పట్టీల కింద ఇరుక్కున్న తడిమట్టి రేకును బయటినుంచి తింటుంది. నెలల తరబడి కదలని బండిలో సగం ఖాళీ ట్యాంకులోకి చేరిన గాలిలోని తేమ రాత్రి చల్లబడి లోపల నీరుగా మారుతుంది. ఇంధనం కన్నా బరువైన ఆ నీరు అడుగున చేరి లోపలినుంచి తింటుంది. పెట్రోలు బండ్లకు మరో సమస్య కూడా ఉంది. 2023 నుంచి దశలవారీగా బంకుల్లోకి వచ్చిన పెట్రోలులో 20 శాతం దాకా ఇథనాల్. అది నీటిని పీల్చుకుంటుంది, దానికి తగ్గట్టు తయారు కాని పాత రబ్బరును ఉబ్బిస్తుంది. అంటే సూదిమొన అంత చిల్లు కనబడేనాటికి దాని చుట్టుపక్కల రేకు కూడా పలచబడి ఉంటుంది. చీకిన గుడ్డకు మాసిక వేస్తే కుట్టు పక్కనే చిరిగినట్టు, అలాంటి రేకు మీద వెల్డింగు వేడి పడితే పక్కన ఇంకో చిల్లు పడుతుంది.

ఇక ప్రాణానికి సంబంధించిన విషయం. నిండు ట్యాంకు కన్నా ఖాళీ ట్యాంకే ఎక్కువ ప్రమాదం. మండేది ద్రవం కాదు, గాలితో కలిసిన ఆవిరి. గాలిలో పెట్రోలు ఆవిరి సుమారు 1.4 నుంచి 7.6 శాతం మధ్య ఉంటే నిప్పు అంటుకుంటుంది. నిండు ట్యాంకులో ఆవిరి దట్టంగా ఉండి గాలి చాలదు. ఖాళీ చేశాక గాలి చొరబడి సరిగ్గా ఆ పాళ్లు కుదురుతాయి. డీజిలే కదా అనుకోవడానికీ లేదు, టార్చి వేడికి అతుకుల్లో మిగిలిన డీజిలూ ఆవిరవుతుంది. ‘మా మేస్త్రీ ఏళ్లుగా నీళ్లు నింపి వెల్డింగు చేస్తున్నాడు, ఏమీ కాలేదు’ అనేవాళ్లుంటారు. నీళ్లు ఆవిరికి చోటు తగ్గిస్తాయి, అది నిజమే. కానీ పైన మిగిలే గాలి సందు, తుప్పు పెచ్చుల్లో దాగిన నూనె అలాగే ఉంటాయి. ఇన్నాళ్లూ పేలలేదు కాబట్టి ఇకముందూ పేలదన్న హామీ ఏమీ లేదు. నీటి ఆవిరి పట్టించి కడిగి, మండే ఆవిరి మిగల్లేదని మీటరుతో పరీక్షించి చేసే పనివాళ్లకే ట్యాంకు వెల్డింగు వదిలేయాలి.

‘పాత బండికి కొత్త ట్యాంకు ఎక్కడ దొరుకుతుంది, అంత ఖర్చెందుకు?’ అన్నది మరో అభ్యంతరం. ఓమ్నీ తయారీ 2019లో ఆగినా అప్పటిదాకా అమ్ముడైన బండ్లు లెక్కలేనన్ని, ట్రావెలర్ ఇంకా తయారవుతూనే ఉంది. చిక్కబళ్ళాపురం నుంచి సుమారు అరవై కిలోమీటర్ల దూరంలో ఉన్న బెంగళూరు జేసీ రోడ్డు పాత బండ్ల సామానుకు పేరుమోసిన బజారు. గుజిరీ ట్యాంకు కొనేటప్పుడు మాత్రం లోపల టార్చిలైటు వేసి తుప్పు చూసుకోవాలి. అసలు దొరకని మటాడోరు లాంటి వాటికే కొత్తగా చేయించుకోవడం మేలు. అందులోనూ నూనె ఊగకుండా అడ్డురేకులు, గాలి పోయే గొట్టం మరవకూడదు. సబ్బు రుద్దడం, ఎం-సీల్ అద్దడం షెడ్డు చేరేదాకా పనికొచ్చే ఉపాయాలు మాత్రమే. ఆ కాస్త దూరమైనా గ్యాసు సిలిండరు వాల్వు మూసేసి, పొయ్యి వెలిగించకుండా నడపాలి. గాలి కన్నా బరువైన ఆవిరి నేల వెంబడే పాకుతుంది కనుక షెడ్డు గొయ్యిలో కాక బయలులో నిలిపి, బ్యాటరీ తీగ విప్పాకే పని మొదలుపెట్టాలి.

సామాను మోసే బండిలో నూనె కారితే పోయేది ప్రధానంగా డబ్బు. పడుకుని నిద్రపోయే బండిలో పరుపు, పొయ్యి, ఫ్రిజ్ తీగలు అన్నీ ఆ ట్యాంకుకు దగ్గరగానే ఉంటాయి. ఖర్చు లెక్క వేసేటప్పుడు వెల్డింగు కూలిని కొత్త ట్యాంకు ధరతో పోల్చి ఊరుకుంటే అది సగం లెక్కే.