సైలెన్సర్‌లో తెల్లపొగ

డీజిల్ పికప్ సైలెన్సర్ నుంచి వచ్చే తెల్లపొగ మూడు రకాలు: ఉత్త నీటి ఆవిరి, మండకుండా బయటపడిన డీజిల్, సిలిండర్‌లోకి చేరిన కూలెంట్. దూరం నుంచి చూస్తే మూడూ ఒకలాగే ఉంటాయి. మొదటిదానికి మరమ్మతే అక్కర్లేదు. రెండోది చాలాసార్లు కొద్ది ఖర్చుతో పోతుంది. మూడోదాన్ని పట్టించుకోకపోతే ఇంజనుకే ముప్పు. అందుకే పానా పట్టకముందే పొగ ఎప్పుడు వస్తోంది, ఏ వాసన వేస్తోంది, బండిలో ఏది తరుగుతోంది అన్నవి చూసుకోవాలి.

లీటరు డీజిల్ కాలితే దాదాపు లీటరు నీరు పుడుతుంది. వేడిగా ఉన్నంతసేపూ అది కంటికి కనపడదు. చలికాలం తెల్లవారుజామున లంబసింగిలోనో ఆదిలాబాద్‌లోనో బండి స్టార్ట్ చేస్తే మాత్రం ఆ ఆవిరి చల్లబడి తెల్లగా కనిపిస్తుంది, గొట్టం చివర నీటిచుక్కలూ కారతాయి. వాసన ఉండదు, పలచగా లేచి వెంటనే గాలిలో కలిసిపోతుంది. ఇంజన్ వేడెక్కితే ఆగిపోతుంది. దీనికోసం షెడ్డుకు వెళ్లడం దండగ.

డీజిల్ పొగ ఘాటుగా ఉండి కళ్లు మండిస్తుంది. ఈ ఇంజన్‌లో స్పార్క్ ప్లగ్ ఉండదు. పిస్టన్ గాలిని 16 నుంచి 20 రెట్లు కుదించినప్పుడు పుట్టే వేడికే డీజిల్ అంటుకోవాలి. ఆ వేడి చాలకపోయినా, డీజిల్ తుంపరగా కాక ధారగా పడినా, ఆలస్యంగా పడినా, కొంత మండకుండానే బయటికొస్తుంది. పొద్దున్నే ఇంజన్ మిస్సవుతూ పొగ వదిలి, ఒకటి రెండు నిమిషాల్లో సర్దుకుంటే ముందు చల్లటి సిలిండర్లను వేడిచేసే హీటర్ ప్లగ్గులను అనుమానించాలి. నాలుగింటిలో ఒకటి కాలిపోయినా బండి స్టార్ట్ అవుతూనే ఉంటుంది కాబట్టి ఆ సంగతి డ్రైవరుకు తెలియదు. మల్టీమీటర్ పెడితే బాగున్న ప్లగ్గు సాధారణంగా ఒకటి రెండు ఓమ్‌లకు మించి చూపదు; కాలిపోయినది తీగ తెగినట్టు చూపిస్తుంది.

వేడెక్కాక కూడా అదే ఘాటు పొగ వస్తుంటే డీజిల్ ఫిల్టర్ అడుగున చేరిన నీటిని వదిలేయడం తేలికైన మొదటి పని. తర్వాత నాజిళ్లు, టైమింగ్, కంప్రెషన్. పాత ఇంజన్ల మీద మెకానిక్కులు నాజిల్ పైపుల నట్లను ఒక్కొక్కటిగా వదులు చేసి వింటారు. ఏది వదులు చేసినా ఇంజన్ శబ్దం మారదో ఆ సిలిండర్‌లోనే దోషం. కామన్ రైల్ ఇంజన్ మీద ఈ పని ఎన్నడూ చేయకూడదు. ఆ పైపుల్లో ఒత్తిడి వెయ్యి బార్లు దాటగలదు, చిమ్మిన డీజిల్ చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోతుంది. అక్కడ నాజిళ్ల రిటర్న్ డీజిల్‌ను విడివిడి సీసాల్లో పట్టి పోల్చాలి. మిగతావాటికన్నా ఎక్కువ తిరిగొచ్చేది అరిగిపోయిన నాజిల్.

అసలు చిక్కు కూలెంట్‌తోనే. టమాటా లోడుతో ఘాట్ ఎక్కుతూ ఇంజన్ మితిమీరి వేడెక్కితే, అల్యూమినియం హెడ్ కింది ఇనుప బ్లాకుకన్నా ఎక్కువ సాగి వంగిపోతుంది. మధ్యలో ఉన్న గ్యాస్కెట్ పట్టు వదిలి కూలెంట్‌కు దారిస్తుంది. అప్పుడొచ్చే పొగ దట్టంగా ఉంటుంది, తొందరగా చెదరదు, తియ్యటి వాసన వేస్తుంది. కూలెంట్ బదులు బోరు నీళ్లు పోసిన బండికి ఆ వాసనా ఉండదు. కింద చుక్క కారకుండానే కూలెంట్ తరగడం బలమైన ఆనవాలు. డిప్‌స్టిక్ మీద ఆయిల్ పాలు కలిపిన టీలా కనబడితే రెండూ కలిశాయన్నమాట. అయితే ఆయిల్ మూత లోపల కొద్దిగా తెల్లటి నురగ ఉన్నంత మాత్రాన భయపడనక్కర్లేదు, దగ్గరి దూరాలే తిరిగే బండికి అది మామూలే.

రూఢి చేసుకోవడానికి షెడ్లలో నీలిరంగు ద్రవమున్న గొట్టం ఉంటుంది. రేడియేటర్‌లోని గాలిని దానిగుండా లాగితే, సిలిండర్ గ్యాసు కలిసినప్పుడు నీలం ఆకుపచ్చకో పసుపుకో తిరుగుతుంది. ఇంజన్ వేడిగా ఉండగా రేడియేటర్ మూత తీయకూడదన్నది ఎంత పాత మెకానిక్కుకైనా వర్తించే జాగ్రత్తే. హెడ్ విప్పేముందు, ఎగ్జాస్ట్ గ్యాసును కూలెంట్‌తో చల్లబరిచే ఈజీఆర్ కూలర్ ఉన్న బండికి దాన్నీ విప్పి చూడాలి. అది లోపల చిల్లుపడినా కూలెంట్ తరుగుతుంది, తెల్లపొగ వస్తుంది. మరమ్మతు మాత్రం చాలా చిన్నది. ఇదంతా తేలేదాకా బండి నడపకపోవడం మంచిది. రాత్రికి సిలిండర్‌లో నీరు నిండితే, అది కుదించుకోదు కాబట్టి పొద్దున సెల్ఫ్ కొట్టగానే కనెక్టింగ్ రాడ్ వంగిపోవచ్చు.

గ్యాస్కెట్టే పోయిందని తేలితే కొత్తది వేసి బిగించడంతో పని అయిపోదు. హెడ్ పగిలిందేమో ప్రెజర్ పెట్టి చూడాలి, వంపును ఫీలర్ గేజితో కొలవాలి, అవసరమైతే లేత్ షాపులో ఫేసింగ్ చేయించాలి. బోల్టులను టార్క్ రెంచితో, కంపెనీ చెప్పిన వరుసలో, దఫాలుగా బిగించాలి. చాలా ఇంజన్లకు ఆ వరుస మధ్య నుంచి అంచులకు సాగుతుంది. ఆయిల్‌లో నీరు కలిసి ఉంటే ఆయిలూ ఫిల్టరూ మార్చాలి. వేడెక్కడానికి కారణం రేడియేటర్‌లో పేరుకున్న ఉప్పు పొరో, ఇరుక్కుపోయిన థర్మోస్టాటో అయితే, దాన్ని వదిలేసి చేసిన గ్యాస్కెట్ పని మళ్లీ మొదటికొస్తుంది. లీకు ఆపుతుందని రేడియేటర్‌లో వేసే పొడులు గ్యాస్కెట్‌ను అతికించడం అటుంచి, సన్నటి నాళాలను మూసేయగలవు.

మరమ్మతయ్యాక మొదటి కొద్ది కిలోమీటర్లు సైలెన్సర్‌లో నిలిచిన కూలెంట్ ఆవిరై పొగ రావచ్చు. కూలెంట్‌లో గాలి లేకుండా నింపి, బాగా వేడెక్కేదాకా నడిపి, మర్నాడు ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు మట్టం చూడాలి. అది తగ్గకుండా ఉండి, వేడి ఇంజన్ పొగ వదలకపోతే లీకు పోయినట్టే.