పొణికి చెట్టుంటేనే కొండపల్లి బొమ్మ
కొయ్య ఎంపిక మొదలు కనుబొమ దిద్దే వరకు... బొమ్మ రూపుదిద్దుకునే తీరు

కొండపల్లి (ఎన్టీఆర్ జిల్లా): సంక్రాంతి వచ్చిందంటే కోస్తా జిల్లాల్లోని అనేక ఇళ్లలో బొమ్మల కొలువు తీరుతుంది. మెట్లపై దశావతారాలు, అంబారీ మోస్తున్న ఏనుగు, గంగిరెద్దు, ఎడ్లబండి, గీత కార్మికుడు ఎక్కుతున్న తాడిచెట్టు... ఇలా వరుసగా అమర్చే వాటిలో కొండపల్లి బొమ్మలది ప్రత్యేక స్థానం. చేతిలోకి తీసుకుంటే ఎంతో తేలికగా ఉండే ఈ బొమ్మ వెనుక ఎంతటి శ్రమ, ఎంతటి ఆలోచన దాగి ఉన్నాయో కొనేవారిలో చాలామందికి తెలియదు. శిల్పం, చిత్రం రెండూ ఒకే వస్తువులో ఇమిడిన ఈ కళకు ఆధారం ఒక చెట్టు. అదే తెల్ల పొణికి. ఆ చెట్టు నానాటికీ అరుదవుతుండటమే కళాకారులను కలవరపెడుతున్న అంశం.

విజయవాడకు సుమారు 20 కిలోమీటర్ల దూరంలో, ఖిల్లా ఉన్న కొండల పాదాన కొండపల్లి ఉంది. 2022లో జిల్లాల పునర్విభజన జరిగే వరకు ఇది కృష్ణా జిల్లాలో భాగం. ఈ వృత్తి చేపట్టిన ఆర్యక్షత్రియుల పూర్వీకులు సుమారు నాలుగు శతాబ్దాల క్రితం రాజస్థాన్ ప్రాంతం నుంచి వలస వచ్చారని ఇక్కడి వారి నమ్మకం. ఇంటిల్లిపాదీ ఈ పనిలో పాలుపంచుకుంటారు. రంగులు దిద్దడంలో మహిళల పాత్ర అధికం. కొండపల్లి బొమ్మకు భౌగోళిక గుర్తింపు కూడా లభించింది.

కొయ్య చెప్పినట్లే ఉలి

బొమ్మ తయారీ అడవిలోనే ఆరంభమవుతుందని చెప్పవచ్చు. తెల్ల పొణికి కొయ్య మెత్తగా, తేలికగా, లేత రంగులో ఉంటుంది. ఉలికి సులువుగా లొంగుతుంది. అయితే పచ్చి కొయ్యలో తేమ ఎక్కువ. ఆ తేమ పోకుండా చెక్కితే బొమ్మ ఆరిన తరువాత వంకర తిరగడమో, పగుళ్లు బారడమో ఖాయం. అందుకే ముక్కలను ఆరబెట్టి, సన్నని సెగపై నిదానంగా వేడి చేసి తేమను తొలగిస్తారు. ఈ దశలో తొందరపడితే తరువాతి శ్రమంతా వృథా అవుతుంది.

మెత్తని కొయ్యతో సౌలభ్యంతోపాటు పరిమితి కూడా ఉంది. మరీ సన్నగా చెక్కితే విరిగిపోతుంది. కొండపల్లి బొమ్మల్లో నిండైన, గుండ్రని ఆకృతులు ఎక్కువగా కనిపించడానికి ఇదొక కారణం. కళాకారుడు తన మనసులోని రూపాన్ని కొయ్య భరించగలిగిన మేరకు కుదించుకుంటాడు. ఏది ఉంచాలి, ఏది వదలాలి అన్న నిర్ణయంలోనే అతని నేర్పు వెల్లడవుతుంది.

విడివిడిగా చెక్కి... ఒక్కటిగా అతికి

రాతి శిల్పం సాధారణంగా ఒకే శిలలోంచి వెలువడుతుంది. కొండపల్లి బొమ్మ తీరు వేరు. ముందుగా మొండెం చెక్కుతారు. చేతులు, కాళ్లు వంటి భాగాలను విడిగా తయారు చేసి ఆ తరువాత అతుకుతారు. కొయ్యలో పోగులు ఒకే దిశలో సాగుతాయి. పోగులకు అడ్డంగా చెక్కిన సన్నని చేయి చిన్న తాకిడికే విరుగుతుంది. విడిగా చెక్కితే ప్రతి భాగాన్నీ పోగు వెంబడే మలచుకోవచ్చు. చాచిన చేయి, ఎత్తిన కాలు వంటి భంగిమలు ఈ పద్ధతి వల్లనే సాధ్యమవుతాయి.

అతకడానికి వాడే పదార్థాన్ని మక్కు అంటారు. చింతగింజల పిండిని రంపపు పొట్టుతో కలిపి దీనిని సిద్ధం చేస్తారు. చెక్కగా మిగిలిన పొట్టే మళ్లీ బొమ్మలో భాగం కావడం విశేషం. మక్కు కేవలం జిగురు కాదు. అతుకుల వద్ద సందులను పూడ్చడానికీ, ఉలికి అందని సన్నని వివరాలను తీర్చడానికీ అదే ఉపకరిస్తుంది. అంటే ఒకే బొమ్మలో కొయ్యను తొలిచి రూపం రాబట్టే పని, ముద్దను అద్ది రూపం పెంచే పని రెండూ జరుగుతాయి. మక్కు పూర్తిగా ఆరిన పిమ్మట ఆకురాయితో రుద్ది నునుపు చేస్తారు.

కళ్లెదుటి ప్రకృతే నమూనా

పురాణ పాత్రలతోపాటు పశుపక్ష్యాదులు, చెట్లు, పల్లె జీవితం ఈ కళాకారులకు ముడిసరుకు. ఏనుగును చెక్కేటప్పుడు చర్మంపై ముడతలన్నీ చూపడం వారి ఉద్దేశం కాదు. బరువైన దేహం, స్తంభాల్లాంటి కాళ్లు, తొండం వంపు కుదిరితే చాలు, చూసేవారికి ఏనుగు స్ఫురిస్తుంది. మిగిలిన పని రంగుది. ఈ కొలతలు తరతరాలుగా పెద్దల పక్కన కూర్చుని చూస్తూ పిల్లలు అలవరచుకున్నవే. కంటికి, చేతికి మధ్య కుదిరిన ఆ లెక్క పుస్తకాల ద్వారా అబ్బేది కాదు.

తెల్లని పూతపై రంగుల లోకం

నునుపు చేసిన బొమ్మకు ముందుగా సున్నం పూత వేస్తారు. కొయ్యలోని సూక్ష్మ రంధ్రాలు మూసుకుపోయి, రంగు లోపలికి ఇంకకుండా పైన నిలుస్తుంది. తెలుపు నేపథ్యం వల్ల ఎరుపు, పసుపు, పచ్చ రంగులు మరింత ప్రకాశవంతంగా కనిపిస్తాయి. ఆపై విశాలమైన భాగాలకు రంగు వేసి, అది ఆరాక చీర అంచులు, ఆభరణాలు, కనుబొమల వంటి గీతలను సన్నని కుంచెతో దిద్దుతారు. మేక వెంట్రుకలతో చేసిన కుంచెలను వాడటం ఇక్కడి ఆనవాయితీ. ఎంత బాగా చెక్కినా కంటి గీత తప్పితే ముఖంలో కళ తప్పుతుంది.

పూర్వం ప్రకృతి సిద్ధమైన రంగులు వాడేవారు. తరువాతి కాలంలో మెరుపు కోసం, త్వరగా ఆరడం కోసం ఎనామిల్ రంగులు ప్రవేశించాయి. పసిపిల్లలు బొమ్మలను నోట పెట్టుకునే అవకాశం ఉన్నందున సహజ రంగులపై ఇటీవల మళ్లీ ఆసక్తి పెరిగింది.

చెట్టును బట్టి కళ

ముడి పదార్థమే కళారీతిని శాసిస్తుందనడానికి అనకాపల్లి జిల్లాలోని ఏటికొప్పాక మంచి ఉదాహరణ. వరాహ నది తీరంలోని ఆ గ్రామంలో అంకుడు కర్రను తరిణపై తిప్పుతూ బొమ్మలు చేస్తారు. తిరిగే కర్రకు లక్కను ఒత్తిపడితే, రాపిడి వేడికి అది కరిగి రంగుగా అంటుకుంటుంది. కనుక అక్కడ గుండ్రని ఆకారాలదే రాజ్యం. పసుపు, నీలిమందు వంటి సహజ వర్ణాలను ఆ లక్కలో ప్రవేశపెట్టేందుకు కృషి చేసిన సి.వి.రాజుకు 2023లో పద్మశ్రీ దక్కింది. తెలంగాణలోని నిర్మల్ బొమ్మలకు మాత్రం కొండపల్లి మాదిరిగానే పొణికి కొయ్యే ఆధారం. అంటే పొణికి అంతరిస్తే నష్టం ఒక్క ఊరికే పరిమితం కాదు.

అడవిలో కొరత

పొణికి విత్తనం పెంకు గట్టిది. మొలకెత్తే శాతం తక్కువ. మొలిచిన మొక్క బొమ్మలకు పనికొచ్చే మానుగా ఎదగడానికి ఏళ్లు పడుతుంది. నరికిన వేగానికి, పెరిగే వేగానికి పొంతన లేకపోవడంతో సమీప కొండలపై చెట్లు పలచబడ్డాయి. కొయ్య కోసం దూరం వెళ్లాల్సి రావడంతో ఖర్చు పెరుగుతుంది. ప్రత్యామ్నాయంగా మరో కలప వాడవచ్చు కదా అన్న ప్రశ్న సహజమే. బరువైన, గట్టి కలపతో చెక్కే తీరు మారుతుంది, సమయం పెరుగుతుంది, తేలికదనం పోతుంది. అప్పుడది పేరుకే కొండపల్లి బొమ్మ అవుతుంది.

నేడు నాటిన మొక్క ఫలితం రేపటి తరానికి గానీ అందదు. అందువల్ల రోజువారీ అమ్మకాలపై బతికే కళాకారుడు ఒక్కడే ఈ భారం మోయలేడు. విత్తనాల సేకరణ, నర్సరీల్లో మొక్కల పెంపకం, కొండవాలుల్లో నాటి కాపాడటం ఏళ్ల తరబడి సాగాల్సిన పనులు. మార్కెటింగ్, శిక్షణలకు ఇచ్చే ప్రాధాన్యం మొక్కల పెంపకానికీ దక్కాలి.

కొనేవారు ఇవి గమనించాలి

అసలైన కొండపల్లి బొమ్మ చూడటానికి పెద్దదిగా ఉన్నా చేతికి తేలికగా ఉంటుంది. అడుగు భాగంలో రంగు లేనిచోట కొయ్య పోగులు కనిపిస్తాయి. అచ్చులో పోసిన బొమ్మలన్నీ ఒకేలా ఉంటాయి. చేతితో చెక్కిన రెండు బొమ్మలను పక్కపక్కన పెడితే ముఖంలోనో, చేతి వంపులోనో స్వల్ప తేడా కనిపిస్తుంది. ఆ తేడాను లోపంగా భావించి ధర తగ్గించమని అడగటం సరికాదు. బొమ్మకు తడి తగలనీయకుండా, ఎండలో ఎక్కువసేపు ఉంచకుండా, పొడి గుడ్డతో తుడుస్తూ భద్రపరిస్తే ఏళ్ల తరబడి కొలువులో నిలుస్తుంది.