తెర మీద ఎవరి పేరు?

ప్రతి శుక్రవారం హైదరాబాద్‌లో విడుదలయ్యే చిత్రాల జాబితా చూస్తూ నేను ఒకటే వెతుకుతాను: అణగారిన కులం పేరు పలికే సినిమా ఒక్కటైనా ఉందా? 2025లో హిందీ చిత్రం ‘ఫూలే’ మహాత్ముని జయంతి రోజైన ఏప్రిల్ 11న రావలసి ఉండగా, బ్రాహ్మణ సంఘాల అభ్యంతరాల నడుమ 25కు వాయిదా పడింది. ‘మహర్’, ‘మాంగ్’ వంటి పదాలను సెన్సార్ బోర్డు తొలగించమన్నది. సంభాషణలోని ‘మూడు వేల ఏళ్ల బానిసత్వం’ కాస్తా ‘ఎన్నో ఏళ్ల’ బానిసత్వమైంది. లెక్క చెరిపేస్తే అన్యాయం వయసు తెలియదు. పేరు చెరిపేస్తే అది ఎవరికి జరిగిందో తెలియదు.

తెలుగులో ఈ కత్తిరింపు సెన్సార్ దాకా పోనక్కరలేదు; కథ రాసేటప్పుడే జరిగిపోతుంది. 1938లోనే గూడవల్లి రామబ్రహ్మం తన చిత్రానికి ‘మాలపిల్ల’ అని పేరు పెట్టారు. 2020 నాటి ‘కలర్ ఫోటో’ ప్రేమకు అడ్డుగోడగా ఒంటి రంగును నిలిపింది. అదే ఏడాది వచ్చిన ‘పలాస 1978’ వంటివి మినహాయింపులు.

మన సినిమాకు కులం పేరంటే బిడియమని అనుకోలేం. ‘సమరసింహారెడ్డి’ (1999), ‘నరసింహనాయుడు’ (2001) పోస్టర్ల నిండా కులం పేర్లే, హాళ్లలో ఈలలే. పాలించే కులానికి బిరుదైనది, పాటుపడే కులానికి మాత్రం నిషిద్ధ పదమెందుకైంది? టికెట్టు కొనే ప్రతి విద్యార్థీ ఈ ప్రశ్నతోనే హాల్లో అడుగుపెట్టాలి.