తండ్రి పేరు గడిలో ఏం రాయాలె?

బాన్సువాడకు దగ్గరలోని ఒక ఊళ్లో, రేకుల ఇంటి అరుగు మీద చాట ఒళ్లో పెట్టుకుని ఆమె బీడీలు చేస్తోంది. తడిపి ఆరబెట్టిన తునికాకును కొలతకు కత్తిరిస్తుంది, చిటికెడు తంబాకు పరుస్తుంది, చుట్టి, కొస మడిచి, దారం కడుతుంది. మాట్లాడినంతసేపూ ఆ చేతులు ఆగలేదు. కొడుకును బడిలో వేసిన రోజు గురించి అడిగినప్పుడు మాత్రం ఆగాయి.

“సారు కాయితం ముందట వెట్టుకొని తండ్రి పేరు చెప్పుమన్నడు. ఏం చెప్పాలె? ఊకున్న. మల్లడిగిండు. మా అయ్య పేరు చెప్పిన. ఎనక నిలవడ్డోళ్లు నవ్విండ్రు.”

ఆ కాగితం ప్రకారం కన్నకొడుకు ఆమెకు తమ్ముడవుతాడు. అతనికిప్పుడు నలభై దాటాయి. గల్ఫ్‌లో పని చేస్తున్నాడు. పాస్‌పోర్టులోనూ తండ్రి పేరు దగ్గర తాత పేరే ఉంది. “నా పేరు పేపర్ల రాయకు బిడ్డా, వాని పిల్లలకు పెండ్లిళ్లు గావాలె” అంది. రాయడం లేదు.

ఆమె జోగిని. ఈ మాట ఆమె నోట రాలేదు. “నన్ను ఇడిసిండ్రు” అని మాత్రమే అంది. ఈ ప్రాంతంలో ఆ మాటకు అర్థం విడిగా చెప్పనక్కర్లేదు.

ఏడెనిమిదేళ్ల వయసులో ఇంట్లో తమ్ముడికి తల్లి పోసింది. పిల్లగాడు బతికితే పిల్లను నీకే విడుస్తామని వాళ్లవ్వ పోచమ్మకు మొక్కుకుంది. పిల్లగాడు బతికాడు. బైండ్ల పూజారి వచ్చి ముగ్గుతో పట్నమేశాడు. డప్పులు మోగాయి. పసుపు బట్టలు కట్టారు, మెడలో దండ వేశారు. “నాకు సంబురమే అనిపిచ్చింది. అందరు నన్నే సూత్తుండ్రి గద.” ఆ సంబురానికి అర్థం ఏమిటో ఆమెకు పెద్దమనిషి అయ్యాక తెలిసింది. ఎవరు ముందు రావాలో ఊరి పెద్దలే మాట్లాడుకున్నారు. ఆమెను ఎవరూ అడగలేదు.

చాట పక్కన పెట్టి ఆమె అన్న మాట ఇది: “పోచమ్మ నన్నేమన్నది బిడ్డా? ఏమనలే. అన్నదంత పటేలే.”

ఈ కథనంలో నేను చెప్పదలచుకున్నది దాదాపు అంతా ఆ ఒక్క మాటలోనే ఉంది.

జోగినీ వ్యవస్థ గురించి మన పత్రికలు రాసినప్పుడల్లా, మంత్రులు మాట్లాడినప్పుడల్లా వినిపించే మాట ‘దురాచారం’. ఆ మాటను ఇక వదిలేయాలి. దురాచారానికి బాధితులుంటారు గానీ నిందితుడుండడు. తప్పంతా తరాల మీదికో, చదువులేనితనం మీదికో, చివరికి అమ్మవారి మీదికో పోతుంది. రాత్రిపూట ఆ ఇంటి తలుపు తట్టినవాడు మాత్రం తెల్లారి రచ్చబండ మీద తీర్పులు చెబుతూ కూర్చుంటాడు.

ఆచారానికి ప్రాంతానికో పేరుంది. నిజామాబాద్, మహబూబ్‌నగర్ వైపు జోగిని. కర్నూలు, అనంతపురం వైపు బసివి. చిత్తూరు వైపు మాతమ్మ. గుడి దేవదాసీలతో వీళ్లను కలిపి చెప్పడం పరిపాటి గానీ, ఆ పోలిక చాలాదూరం పోదు. దేవదాసీకి కనీసం సంగీతం, నాట్యం, కొన్నిచోట్ల ఇనాం భూమి ఉండేవి. జోగినికి మిగిలింది కూలి, ఊరి ఎంగిలి, జాతరనాడు నెత్తిన బోనం. దాదాపు అందరూ మాల, మాదిగ ఇళ్ల ఆడపిల్లలే. ఊళ్లో పెద్ద కులాల ఇళ్లలోనూ పిల్లలకు తల్లి పోసేది, ఆ తల్లులూ మొక్కుకునేవారు. అక్కడి మొక్కు యాటపోతుతోనో చీరసారెతోనో తీరిపోయేది. పిల్లను ఇవ్వాల్సిన మొక్కు మాత్రం ఊరవతలి గుడిసెకే ఎందుకు వచ్చిందన్నది అడగాల్సిన ప్రశ్న.

జవాబు భూమిలో ఉంది. మంజీర మీద నిజాంసాగర్ 1931కి పూర్తయింది. కాలువ వెంట బాన్సువాడ, వర్ని, బోధన్ నేలలు వరికీ చెరకుకూ పేరుపడ్డాయి. కోస్తా నుంచి రైతులు వచ్చి క్యాంపులు కట్టుకున్నారు. నీళ్లు వచ్చాయి, పంట వచ్చింది, డబ్బు వచ్చింది. ఆ నీళ్లు పారే మడిలో దళితవాడకు దక్కింది నాట్లూ కోతలే. భూమి ఎవరి చేతిలో ఉందో పిల్ల ఒళ్లు కూడా ఆ చేతిలోనే ఉండింది. తెలంగాణలో దొరల గడీల్లో ఆడబాపలుండేవారు, పెళ్లికూతురి వెంట అరణంగా వచ్చిన ఆడపిల్లలు. ఆడబాప గడీలోపలి వెట్టి అయితే, జోగిని ఊరంతటి వెట్టి. మధ్యలో అమ్మవారి పేరు ఒకటి అడ్డం పెట్టారు, అంతే.

వెట్టి అన్న మాటను నేను ఊరికే వాడలేదు. మన రాజ్యాంగంలోని 23వ అధికరణం మనుషుల అమ్మకాన్నీ వెట్టినీ నిషేధిస్తుంది. ఈ నిషేధం ప్రభుత్వానికే కాదు, తోటి మనిషికీ వర్తిస్తుందని 1982లో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది. ఢిల్లీ ఆసియా క్రీడల నిర్మాణ కూలీల కోసం ప్రజాస్వామిక హక్కుల సంస్థ పీయూడీఆర్ వేసిన కేసు అది. కనీస కూలి కన్నా తక్కువ ఇచ్చి చేయించుకునే పని కూడా బలవంతపు చాకిరేనని ఆ తీర్పు చెబుతుంటే, ఏడేళ్ల పిల్లను జీవితాంతానికి కట్టేయడాన్ని ఇంకేమనాలి? పౌరహక్కులనగానే మనకు లాకప్పులు, ఎన్‌కౌంటర్లు గుర్తొస్తాయి. రావాలి కూడా. కానీ రాజ్యం చేతిలో జరిగే హింస మాత్రమే హక్కుల ఉల్లంఘన కాదని, కులం చేతిలో, ఇంటి గోడల మధ్య జరిగేది కూడా అంతేనని వాదించిన హక్కుల ఉద్యమకారుడు బాలగోపాల్ మన మధ్యే తిరిగారు. 1998లో ఏర్పడిన మానవ హక్కుల వేదిక ఆ ఆలోచన మీదే నిలబడింది.

వర్నిలో ఒక చెల్లి నిలయం

ఈ నేల మీద ఈ పని మొదట తలకెత్తుకున్నవాళ్లలో హేమలతా లవణం పేరు చెప్పుకోవాలి. కవి గుర్రం జాషువా కూతురు. భర్త లవణం, నాస్తికోద్యమ నాయకుడు గోరా కొడుకు. స్టూవర్టుపురంలో నేరస్థులుగా ముద్రపడిన కుటుంబాల మధ్య పనిచేసిన ఈ దంపతులు, 1980లలో ‘సంస్కార్’ సంస్థ తరఫున నిజామాబాద్ జిల్లాకు వచ్చారు. వర్ని కేంద్రంగా చెల్లి నిలయం నడిపారు. జోగినిని ఊరు ఏ పేరుతో పిలిచేదో ఇక్కడ రాయలేం. అలాంటి చోట ‘చెల్లి’ అని బోర్డు మీద రాయడం ఎంత పెద్ద పనో ఆ ఊళ్లలో పెరిగినవాళ్లకు తెలుస్తుంది.

అప్పటి గవర్నర్ కుముద్‌బెన్ జోషీ కూడా దీని మీద శ్రద్ధ చూపారు. ఆ రోజుల్లో పునరావాసం అనగానే అధికారులకు ముందు తట్టింది పెళ్లి. జోగినిని చేసుకునే మగవాడికి ప్రోత్సాహకం ఇవ్వడం. ఉద్దేశం మంచిదే కావచ్చు. కానీ నాకిది మింగుడుపడదు. ఊరి మగవాళ్లందరి నుంచి విడిపించి, డబ్బిచ్చి ఒక మగవాడికి అప్పజెప్పడం విముక్తి ఎలా అవుతుంది? ఆమెకు కావలసింది సొంత పేరు మీద రెండెకరాల పొలమూ, కొడుకుకు సిగ్గుపడనక్కర్లేని అర్జీ కాగితమూ.

చట్టం 1988లో వచ్చింది. ఆంధ్రప్రదేశ్ దేవదాసీల అంకిత నిషేధ చట్టం. 1947 నాటి మద్రాసు చట్టం తెలంగాణకు వర్తించలేదు కాబట్టి, ఈ ప్రాంతం నలభై ఏళ్లకు పైగా ఆగాల్సివచ్చింది. 1988 చట్టం అంకితం చేయడం చెల్లదంది, చేసినవారికీ పాల్గొన్నవారికీ జైలూ జరిమానా అంది, జోగిని చేసుకున్న పెళ్లి చెల్లుతుందంది. మంచిదే. కానీ ఆ చట్టం చేతికి అందేది ఎవరు? పట్నమేసిన నాటి మనుషులు. మొక్కుకున్న తల్లి, సంతకం రాని తండ్రి, బైండ్లాయన. ఆ తర్వాత ముప్పయ్యేళ్లపాటు ఆ తంతును అనుభవించినవాళ్లు దాని పరిధిలోకే రారు. తల్లిదండ్రులు జైలుకు పోతారన్న భయంతో పిల్ల నోరు విప్పదు. నేరం చేసినవాడికి అంతకన్నా ఏం కావాలి?

హరారేలో ఇద్దరు అమ్మాయిలు

ఇలాంటి తంతును చట్టం హింస అని ఎలా పిలవగలదో చూడటానికి ఇక్కడ కాసేపు ఆఫ్రికా ఖండం దక్షిణ భాగంలోని జింబాబ్వేకు వెళ్లాలి. అక్కడి షోనా ప్రజల్లో న్గోజి అనే నమ్మకం ఉంది. హత్యకు గురైనవాడి ఆత్మ హంతకుడి కుటుంబాన్ని వెంటాడుతుందని, దాన్ని శాంతింపజేయడానికి పశువులతోపాటు ఒక ఆడపిల్లను కూడా బాధిత కుటుంబానికి ఇవ్వాలని. తప్పు చేసింది ఇంట్లోని మగవాడు, మూల్యం ఆడపిల్ల. చదివినప్పుడు నాకు ఆ రేకుల ఇంటి అరుగే కళ్లముందు కదిలింది.

2007లో అమల్లోకి వచ్చిన గృహహింస చట్టంలో జింబాబ్వే ఒక పని చేసింది. ఆత్మలను శాంతింపజేయడానికి ఆడపిల్లలను అప్పగించడాన్ని గృహహింస జాబితాలో పేరుపెట్టి చేర్చింది. నమ్మకం అనలేదు, హింస అంది.

ఆ తర్వాత లవ్‌నెస్ ముద్జురు, రువింబో సోపొద్జి అనే ఇద్దరు యువతులు రాజధాని హరారేలో కోర్టుకెక్కారు. ఇద్దరూ చిన్నవయసులోనే కాపురానికి పంపబడ్డవాళ్లు. పదహారేళ్లకే ఆడపిల్లకు పెళ్లి చేయొచ్చన్న పాత వివాహ చట్టం, 2013 రాజ్యాంగానికి విరుద్ధమని వాదించారు. 2016 జనవరి 20న రాజ్యాంగ న్యాయస్థానం వాళ్ల వైపు తీర్పిచ్చింది. పద్దెనిమిది నిండకుండా ఎవరికీ పెళ్లి చేయకూడదంది. వాళ్ల తరఫున నిలబడ్డ న్యాయవాది టెండై బిటి, ప్రతిపక్ష నాయకుడు. 2008లో అప్పటి అధ్యక్షుడు ముగాబే ప్రభుత్వం ఆయన మీద రాజద్రోహం కేసు పెట్టి జైల్లో వేసింది. ఆయన నోరు అప్పుడే శాశ్వతంగా మూయించి ఉంటే ఆ ఇద్దరు అమ్మాయిల కేసు ఎవరు వాదించేవారు? ప్రశ్నించే స్వేచ్ఛ వేరు, ఆడపిల్లల బతుకు వేరు అనుకునేవాళ్లు ఈ ఒక్క కేసు చూడాలి.

ముఖ్యంగా నన్ను కదిలించింది పిటిషనర్ల పేర్లు. బాధితులే వాదులు. మన దగ్గర జోగినుల గురించి అధికారులు మాట్లాడారు, సంస్కర్తలు మాట్లాడారు, వి. శాంతిప్రబోధ ‘జోగిని’ నవల రాశారు, నాలాంటివాళ్లం కథనాలు రాస్తున్నాం. బాన్సువాడ కోర్టు మెట్లెక్కి ‘నాకు అన్యాయం జరిగింది, చేసినవాడు ఇతడు’ అని జోగిని చెప్పుకోగలిగే రోజు రావాలి.

అలా చెప్పడానికి ఇప్పుడు చట్టంలో దారి ఉంది. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టాన్ని 2015లో సవరించినప్పుడు, దళిత, ఆదివాసీ స్త్రీని దేవదాసిగానో, అలాంటి మరో ఆచారం పేరుతోనో దేవతకు అంకితం చేయడాన్నీ, దాన్ని ప్రోత్సహించడాన్నీ మూడో సెక్షన్‌లో అత్యాచారంగా చేర్చారు. 2016 జనవరి 26 నుంచి అమల్లో ఉంది. శిక్ష ఆరు నెలల నుంచి ఐదేళ్ల వరకు. ఈ సెక్షన్ ఎస్సీ, ఎస్టీ కాని వ్యక్తికే వర్తిస్తుంది. అంటే మొక్కుకున్న పేద తల్లిని కాదు, ఆ మొక్కు వెనక నిలబడ్డ పెద్దమనిషిని చట్టం వేలెత్తి చూపుతోంది. ఎన్నాళ్లకో సరైన మనిషి వైపు చూసిన చట్టం ఇది. దీన్ని పోలీసు స్టేషన్లో ఎంతమంది గుర్తుచేస్తారన్నదే మిగిలిన ప్రశ్న.

ఇదంతా గతం అనేవాళ్లకు ఒక లెక్క. తెలంగాణ, ఆంధ్రప్రదేశ్‌లలో ఇలాంటి స్త్రీలు 80 వేల మంది ఉన్నారని జస్టిస్ వి. రఘునాథరావు ఏకసభ్య కమిషన్ చెప్పింది. జాతీయ మానవ హక్కుల కమిషన్ 2022 అక్టోబరులో ఆ అంకెనే ఉటంకిస్తూ రెండు తెలుగు ప్రభుత్వాలకూ నోటీసులిచ్చింది. కొత్తగా విడవడం బాగా తగ్గింది, నిజమే. కానీ ఎప్పుడో విడిచినవాళ్లు బతికే ఉన్నారు. వాళ్ల హక్కులకు కాలం చెల్లిపోలేదు.

బీడీల ఆమెకు ఆసరా పింఛను వస్తోంది. దేని కింద వస్తుందని అడిగితే “ఒంటరి మహిళ” అంది. సర్కారు ఆమెకు పెట్టిన పేరు అది. ఆమెను ఊరు ఒక్కరోజు కూడా ఒంటరిగా వదల్లేదు, తోడుగానూ నిలవలేదు.

తండ్రి పేరు గడి విషయానికొస్తే, పెళ్లికాని తల్లి తన బిడ్డకు సంరక్షకురాలు కావడానికి తండ్రి పేరు బయటపెట్టనక్కర్లేదని సుప్రీంకోర్టు 2015 జూలైలో తేల్చింది. ఆమె అఫిడవిట్ మీదే జనన ధ్రువపత్రం ఇవ్వాలంది. ఈ మాట నేను చెప్పినప్పుడు ఆమె చేతులు రెండోసారి ఆగాయి. “గప్పుడు ఉంటే నా పేరే రాపిద్దు” అంది.

ఉపాధ్యాయులకు, పంచాయతీ కార్యదర్శులకు, మీ సేవ కౌంటర్ల దగ్గర కూర్చునేవాళ్లకు ఒక మనవి. తల్లి పేరు ఒక్కటే చెప్పిన మనిషిని రెండోసారి అడగకండి. ఆ పేరు రాసుకోండి. మీ ఊళ్లో ఏ జాతరలోనైనా ఆడపిల్లను విడుస్తున్నారని తెలిస్తే 1098కి ఫోన్ చేయండి. మీ పేరు చెప్పనక్కర్లేదు.